హార్డనర్ అనే మాట: ఒక శిక్షణ విమానపు కౌలింగ్ మరమ్మతు విఫలమైన కేసు

రెండు సీట్ల శిక్షణ విమానం ఒకదాని ఇంజిన్ కింది కౌలింగ్‌కు మా వర్క్‌షాపులో చేసిన మరమ్మతు ఆరు వారాలకే చెడిపోయి తిరిగి వచ్చింది. ఎవరికీ ప్రమాదం జరగలేదు, విమానం గాలిలో ఉండగా ఏమీ కాలేదు. రోజువారీ తనిఖీలో ఇంజనీరు పై కౌలింగ్‌కూ కింది కౌలింగ్‌కూ మధ్య ఉండకూడని సందును చూసి విమానాన్ని నిలిపివేశారు. తప్పు మా వర్క్‌షాపుదే. జడ్చర్ల చుట్టుపక్కలా, పాలమూరు, నల్లగొండ జిల్లాల్లోనూ ఫైబర్ పని నేర్చిన చేతులు చాలా ఉన్నాయి. వారిలో కొందరైనా రేపు విమాన భాగాల పనికి, డ్రోన్ రెక్కల పనికి వస్తారు. మేము చేసిన తప్పు వారి చేతుల్లో మళ్లీ జరిగే వీలు చాలా ఎక్కువ కాబట్టి దీన్ని వివరంగా రాస్తున్నాను.

ముందుగా భాగం గురించి. చిన్న విమానాల్లో కౌలింగ్ అంటే ఇంజిన్‌ను కప్పి ఉంచే తొడుగు. ఇది రెక్కలోని స్పార్ అనే ముఖ్య దూలంలా విమానం బరువును మోయదు, కాబట్టి దీన్ని రెండో శ్రేణి నిర్మాణంగా లెక్కిస్తారు. అయితే ఎగురుతుండగా అంచు లేచినా, బిగింపు ఊడినా, ఆ ముక్క వెనక్కి ఎగిరి అద్దానికో తోకకో తగలవచ్చు. ఇంజిన్‌ను చల్లబరిచే గాలి దారి కూడా కౌలింగ్ ఆకారం మీదే ఆధారపడుతుంది. అందువల్ల ‘అది ఉత్త మూతే కదా’ అనే మాటను మా షెడ్డులో ఎవరూ అనకూడదని మొదటి నుంచీ చెబుతూ వచ్చాను. ఈ కౌలింగ్ గ్లాస్ ఫైబర్‌తో, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు రెజిన్‌తో చేసినది. మధ్య భాగంలో రెండు పొరల మధ్య పలుచని పీవీసీ నురుగు కోర్ ఉంటుంది. బిగింపులు వచ్చే అంచు చుట్టూ మాత్రం కోర్ లేకుండా నాలుగు పొరల గ్లాస్ క్లాత్ ఉంటుంది. విమానాన్ని షెడ్డులోకి తోసేటప్పుడు దాన్ని లాగే ఇనుప కడ్డీ (టో బార్) తగిలి, ఎడమ వైపు అంచు దగ్గర సుమారు 18 సెంటీమీటర్ల పొడవున పొరలు చిట్లి, ఒక చోట బొక్క పడింది. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉన్న ఒక మరమ్మతు సంస్థ, విమానం మాన్యువల్‌లోని పద్ధతి ప్రకారం పొరలు వేసే పనిని మాకు అప్పగించింది. తనిఖీ, సంతకం వారివి, చేతిపని మాది.

అది మే నెల మొదటి వారం. మధ్యాహ్నం మా షెడ్డు లోపల 41 డిగ్రీలు ఉండేది. విమానం ఉండే చోటు నల్లగొండ వైపు, అక్కడ 43, 44 డిగ్రీలు ఆ రోజుల్లో వింత కాదు. పని చేసింది మా దగ్గరి పెద్ద మేస్త్రి. ఆయనకు ఫైబర్ పనిలో పన్నెండేళ్ల అనుభవం ఉంది. కూలర్ బాడీలు, నీళ్ల ట్యాంకులు, బస్సు సీట్లు, బాత్రూం తలుపులు ఆయన చేతి మీదుగా వందల కొద్దీ వెళ్లాయి. రోలర్ పట్టుకుంటే గాలి బుడగ మిగలదు. ఆయన చేతి నేర్పు మీద నాకు అప్పుడూ ఇప్పుడూ సందేహం లేదు. ఆ నేర్పు ఏ పదార్థం మీద తయారైందో నేను సరిగా ఆలోచించకపోవడమే ఈ కేసుకు మూలం.

మరమ్మతు పైకి చక్కగా కనిపించింది. చెడిన పొరలు తీసేశారు, అంచును వాలుగా రుద్దారు, నాలుగు పొరలు వేశారు, మరుసటి రోజు నునుపు చేసి రంగుకు పంపారు. నాణెంతో తట్టి చూస్తే అంతటా ఒకే రకం గట్టి శబ్దం వచ్చింది. నాణెం పరీక్ష పొర ఊడిందా, లోపల ఖాళీ ఉందా అన్నది చెబుతుంది. రెజిన్ పూర్తిగా గట్టిపడిందా లేదా అన్నది అది చెప్పలేదు. ఆ తేడా తెలిసి కూడా నేను నాణెం శబ్దంతో తృప్తిపడ్డాను.

ఆరు వారాల తరువాత కౌలింగ్ తిరిగి వచ్చినప్పుడు మూడు లక్షణాలు కనిపించాయి. రెండు బిగింపుల మధ్య అంచు దాదాపు 4 మిల్లీమీటర్లు కిందికి వంగింది. రంగు పైన గ్లాస్ క్లాత్ నేత గళ్లు గళ్లుగా తేలింది. ప్యాచ్ లోపలి వైపు, సైలెన్సర్‌కు ఎదురుగా ఉన్న చోట, చిన్న రూపాయి బిళ్లంత పొక్కు లేచింది. చిరుగు గాని, పొర ఊడటం గాని లేదు. అంటే బంధం తెగలేదు, పదార్థమే మెత్తబడింది. నేత తేలడం దీనికి మంచి సాక్ష్యం. వేడికి రెజిన్ మెత్తబడి, పూర్తికాని రసాయన చర్య మళ్లీ కొంత సాగి, రెజిన్ కుంచించుకుపోయినప్పుడే దారాల అచ్చు పైకి వస్తుంది.

ఇక్కడ ఒక విషయం వివరించాలి. గట్టిపడిన ఎపాక్సీకి ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. దానికి దిగువన అది గాజులా బిరుసుగా ఉంటుంది, దాన్ని దాటితే రబ్బరులా మెత్తబడుతుంది. దీన్ని గ్లాస్ ట్రాన్సిషన్ టెంపరేచర్ అంటారు, పనివాళ్ల మాటలో టీజీ. కరిగిపోవడం వేరు, ఇది వేరు. ముక్క ముక్కగానే ఉంటుంది, బరువు పెడితే మాత్రం నెమ్మదిగా వంగుతుంది. గది వేడిలో గట్టిపడే ఎపాక్సీతో చేసే గ్లైడర్లకు జర్మనీలో 54 డిగ్రీల వద్ద బలం నిరూపించాలన్న నియమం వచ్చిందీ, అలాంటి విమానాలకు తెల్ల రంగే వేయాలన్న పట్టుదల ఉన్నదీ ఇందుకే. కొన్ని చిన్న కాంపోజిట్ విమానాల్లో నిర్మాణపు వేడిని చూపే సూచిక కూడా ఉంటుంది. అది 55 డిగ్రీల హద్దు దాటితే టేకాఫ్ చేయకూడదు. గాలి 38 డిగ్రీలున్న రోజున ఎండలో తెల్ల ఉపరితలం దాదాపు 60 డిగ్రీల దాకా, నల్లనిది 95 డిగ్రీలు దాటి వేడెక్కగలదు. మా ప్యాచ్ పైన ముదురు నీలం చార ఒకటి వచ్చింది. లోపలి నుంచి సైలెన్సర్ వేడి ఉంది. ఇంజిన్ ఆపిన తరువాత గాలి ప్రవాహం ఆగిపోవడంతో కౌలింగ్ లోపల వేడి కొద్దిసేపు ఇంకా పెరుగుతుంది. రెండు వైపులా వేడి తగిలే చోటు అది.

విచారణ మొదట మా షెడ్డులోనే మొదలైంది. అసిటోన్ తడిపిన దూదిని ప్యాచ్ లోపలి ముఖం మీద ఒక నిమిషం ఉంచి తీశాము. పాత, ఫ్యాక్టరీ పొర మీద ఏ మార్పూ లేదు. మా ప్యాచ్ మీద వేలు అంటుకుంది, అంటే రెజిన్ పూర్తిగా గట్టిపడలేదు. ఆ ఒక్క నిమిషంలోనే నాకు విషయం చాలా వరకు అర్థమైంది. ప్యాచ్‌ను మొత్తం తీసేసి, అందులోంచి ముక్కలు కోసి, హైదరాబాద్‌లోని ఒక పరీక్షశాలకు పంపాము. అడిగిన పరీక్షలు రెండు. ఒకటి, ముక్కను కొలిమిలో 565 డిగ్రీల వద్ద కాల్చి రెజిన్ పోగా మిగిలిన గ్లాస్ బరువు చూడటం. రెండోది, ముక్కను క్రమంగా వేడి చేస్తూ అది పీల్చే వేడిని చూసే డిఫరెన్షియల్ స్కానింగ్ క్యాలరీమెట్రీతో టీజీ కొలవడం.

కాల్చిన పరీక్షలో గ్లాస్ 44 శాతమే వచ్చింది. మాన్యువల్ పద్ధతిలో వేస్తే బరువులో 58, 60 శాతం దాకా రావాలి. అంటే ప్యాచ్‌లో రెజిన్ ఎక్కువైంది. దీనికి కారణం వెంటనే తట్టింది. కూలర్ బాడీలకు వాడే, తరిగిన గ్లాస్ దారాల చాప్‌డ్ స్ట్రాండ్ మ్యాట్ దూదిలా రెజిన్‌ను పీలుస్తుంది, మ్యాట్ బరువుకు రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రెజిన్ పోయాలి. నేసిన గ్లాస్ క్లాత్‌కు దాని బరువులో ముప్పాతిక వంతు కూడా అక్కర్లేదు. మ్యాట్‌కు అలవాటు పడిన చేతికి క్లాత్ ఎప్పుడూ ‘ఎండిపోయినట్టు’ కనిపిస్తుంది, ఇంకొంచెం పోయాలనిపిస్తుంది. అయినా ఇది బరువు పెంచే తప్పే గాని, మెత్తబడటానికి అసలు కారణం కాదు.

అసలు కారణం రెండో పరీక్షలో ఉంది. మొదటిసారి వేడి చేసినప్పుడు ప్యాచ్ టీజీ 47 డిగ్రీలు చూపింది. పరీక్షశాల వారు అదే ముక్కను బాగా పైదాకా వేడి చేసి, చల్లార్చి, రెండోసారి మళ్లీ కొలిచారు. ఈ రెండో కొలతనే చదవడం నేర్చుకోవాలని మా వృత్తిలో ఉన్నవారందరినీ కోరుతున్నాను. రెజిన్, దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డనర్ సరైన పాళ్లలో కలిసి, తగిన వేడి అందక సగంలో ఆగిపోయి ఉంటే, మొదటి వేడిలో మిగిలిన చర్య పూర్తయి, రెండో కొలతలో టీజీ తన నిజమైన స్థాయికి, ఈ రెజిన్‌కైతే 80 డిగ్రీల పైకి, ఎగబాకాలి. మా ముక్క రెండోసారి 58 దగ్గరే ఆగిపోయింది. వేడి అందినా ఎదగలేదంటే, ఎదగడానికి కావలసిన హార్డనర్ అందులో లేదన్నమాట. కొరత వేడిది మాత్రమే కాదు, పాళ్లది.

మేస్త్రిని కూర్చోబెట్టి, కోపం లేకుండా, ఆ రోజు జరిగింది మొదటి నుంచి చెప్పమన్నాను. ఆయన ఏమీ దాచలేదు. ‘ఎండకు మాల్ జల్ది పట్టేస్తున్నదన్నా, అందుకే హార్డనర్ జర తగ్గించి కలిపిన’ అన్నాడు. ఆయన దృష్టిలో అది జాగ్రత్త. పన్నెండేళ్లుగా ప్రతి ఎండాకాలం చేసిన పనే అది, ప్రతిసారీ సరిగ్గా పనిచేసినదే.

కూలర్ బాడీలు, ట్యాంకులు చేసే పాలిస్టర్ రెజిన్ పనిలో అది సరైన పనే, అసలు చిక్కు అక్కడే ఉంది. పాలిస్టర్ రెజిన్‌లో గట్టిపడటానికి కావలసిన పదార్థమంతా రెజిన్‌లోనూ, అందులో కలిసి ఉన్న స్టైరీన్ అనే ద్రవంలోనూ ముందే ఉంటుంది. మనం పోసే ఎంఈకేపీ ద్రవం ఆ చర్యకు నిప్పు అంటిస్తుంది అంతే. రెజిన్ బరువులో ఒకటి, రెండు శాతం చాలు. ఎండలు ముదిరితే తగ్గించవచ్చు, చలిలో పెంచవచ్చు. ఎపాక్సీలో సంగతి వేరు. హార్డనర్‌లోని అమైన్ అణువులు రెజిన్‌లోని ఎపాక్సీ కొసలతో ఒకదానికొకటి జత కలిసి, తామే ఆ వలలో భాగమైపోతాయి. మేము వాడే రకంలో 100 గ్రాముల రెజిన్‌కు 40 గ్రాముల హార్డనర్, తేడా రెండు గ్రాములకు మించకూడదు. తగ్గించిన మేరకు జత దొరకని రెజిన్ కొసలు వలలో వేలాడుతూ మిగిలిపోతాయి. తరువాత ఎంత వేడి చేసినా అవి పట్టుకోవు. ఒక గోడకు ఇటుకలు తగ్గించినట్టే ఇది.

ఈ రెండు వేర్వేరు ద్రవాలనూ మా ప్రాంతపు షెడ్లలో ఒకే మాటతో పిలుస్తారు, హార్డనర్ అని. కొందరు క్యాటలిస్ట్ అంటారు, కానీ చాలా చోట్ల చిన్న సీసాలోది ఏదైనా హార్డనరే. మా షెడ్డులోనూ అదే మాట నడిచింది, నేను కూడా అదే వాడాను. కొత్త పదార్థానికి పాత పేరు పెట్టి చేతికిచ్చినప్పుడు, దానితో పాటు పాత అలవాటును కూడా నేనే ఇచ్చినట్టయింది.

ఇంకొక సంగతి కూడా తేలింది. ప్యాచ్ చిన్నది, పొడిగా గ్లాస్ బరువు 27 గ్రాములే. అందుకని ఒక చిన్న కప్పులో 50 గ్రాముల రెజిన్ తీసుకున్నారు. దానికి 20 గ్రాముల హార్డనర్ పడాలి. ఆయన గుర్తున్నంతలో 15 పోశాడు. 50 గ్రాముల రెజిన్‌కు అనుమతించిన తేడా ఒక్క గ్రాము. మా దగ్గర అప్పుడున్న కాటా గ్రాముకు తక్కువ చూపేది కాదు. అంటే మేస్త్రి సరిగా కలపాలనుకున్నా, ఆ కాటా మీద అంత చిన్న కలయికను నమ్మకంగా తూచే వీలు మేము ఇవ్వలేదు. దశాంశ గ్రాము చూపే కాటా ఖరీదు, మేము మళ్లీ చేసిన ఈ ఒక్క పనికి అయిన ఖర్చు ముందు చాలా చిన్నది.

రెండో తప్పు పూర్తిగా నాది. పోస్ట్ క్యూర్, అంటే గట్టిపడిన ముక్కను ఓవెన్‌లో మళ్లీ వేడి చేయడం, చేయలేదు. పాలమూరు ఎండే ఒక ఓవెన్ అన్న ధీమాతో, 41 డిగ్రీల షెడ్డులో రాత్రీ పగలూ ఉన్న ముక్కకు ఇంకా వేడి ఎందుకని వదిలేశాను. ఇది సరైన ఆలోచన కాదు. ఎపాక్సీ గట్టిపడుతున్న కొద్దీ టీజీ పెరుగుతుంది. అది చుట్టూ ఉన్న వేడిని దాటి పదీ పదిహేను డిగ్రీలు పైకి వెళ్లేసరికి అణువులు కదలలేక చర్య దాదాపు ఆగిపోతుంది. 41 డిగ్రీల్లో గట్టిపడినది 57 దగ్గర నిలిచిపోతుంది. దీన్ని రుజువు చేసుకోవడానికి, సరైన పాళ్లలో కలిపి, షెడ్డు వేడిలోనే వదిలిన ఒక చిన్న ముక్కను కూడా పరీక్షకు పంపాము. మొదటి కొలత 57, రెండో కొలత 86. పాళ్లు సరిగ్గా ఉండి వేడి తక్కువైతే అంకెలు ఎలా ఉంటాయో ఇది చూపింది. మా ప్యాచ్ అంకెలతో పక్కపక్కన పెట్టి మేస్త్రికి చూపించాను. ఆ రెండు కాగితాలు పది ఉపన్యాసాలకన్నా ఎక్కువ పని చేశాయి.

మళ్లీ చేసిన మరమ్మతు వివరాలు ఇవి. ఎండ వేడి సమస్య నిజమైనదే, దాన్ని కాదనలేము. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది కాబట్టి, 25 డిగ్రీల వద్ద 50 నిమిషాలు పనికొచ్చే కలయిక 40 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలకే తీగ సాగుతుంది. దీనికి మందు హార్డనర్ తగ్గించడం కాదు, నెమ్మది రకం హార్డనర్‌కు మారడం. మేము వాడే రెజిన్‌కు వేగంగా, మధ్యరకంగా, నెమ్మదిగా పనిచేసే మూడు హార్డనర్లు దొరుకుతాయి, మూడింటి పాళ్లూ ఒకటే. పొరలు వేసే పనిని ఏసీ ఉన్న చిన్న గదికి మార్చి, 25 డిగ్రీల వద్ద, తేమ 60 శాతం లోపు ఉన్నప్పుడే మొదలుపెట్టాము. అప్పటికి జూన్ దాటి వానలు పడుతున్నాయి. తేమ ఎక్కువైతే అమైన్ గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలిసి ఉపరితలం మీద మైనంలాంటి పలుచని పొర కడుతుంది. దాని మీద తరువాతి పొర గాని రంగు గాని నిలవదు. అందుకని పైన, తరువాత ఊడదీసే పీల్ ప్లై గుడ్డ వేశాము. కలిపిన రెజిన్‌ను లోతైన కప్పులో ఉంచకుండా వెడల్పాటి పళ్లెంలో పరిచాము, గుట్టగా ఉంటే తన వేడికి తానే ఉడికిపోతుంది.

చెడిన అంచును మళ్లీ వాలుగా రుద్దాము. ఒక్కో పొర దాదాపు 0.27 మిల్లీమీటర్లు, నాలుగు పొరలు కలిపి 1.1. పొరకు 15 మిల్లీమీటర్ల చొప్పున మెట్టు ఇచ్చి, మొత్తం 60 మిల్లీమీటర్ల వాలు తీశాము. ఇంత పొడవు వాలు ఎందుకని కుర్రవాళ్లు అడుగుతుంటారు. అతుకు మీద పడే లాగుడును విస్తీర్ణం మీద పంచడానికే అది. నిటారుగా కోసి అతికిస్తే బలమంతా ఒక గీత మీదే పడుతుంది. క్లాత్ తూచి, దాని బరువుకు తగినంత రెజిన్‌నే కలిపి, గాలి లాగేసి పొరలను అదిమే వాక్యూమ్ బ్యాగ్ కింద పెట్టాము. పనిలో కొత్తవారు ఒకటి గమనించాలి. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనమే పాదరసం 716 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి, వాక్యూమ్ గేజ్ ముల్లు 28 అంగుళాల దగ్గర ఆగితే బ్యాగ్‌లో రంధ్రం ఉందని కంగారుపడి సీలెంట్ టేపు అంతా ఊడదీయనక్కర్లేదు. పుస్తకంలోని 30 అంగుళాలు సముద్ర తీరపు లెక్క. పంపు ఆపి పది నిమిషాలు చూడాలి, ముల్లు కదలకపోతే బ్యాగ్ బాగున్నట్టే.

ఒక రోజు గదిలో ఉంచిన తరువాత పోస్ట్ క్యూర్ చేశాము. ప్లైవుడ్ పెట్టె, లోపల రాక్‌వూల్, హీటరు కాయిళ్లు, ఒక ఫ్యాన్, ఉష్ణోగ్రత నియంత్రించే పీఐడీ పెట్టె, ఇంతే మా ఓవెన్. గంటకు 10 డిగ్రీల చొప్పున పెంచి, 60 డిగ్రీల వద్ద 15 గంటలు ఉంచి, ఆ తరువాత మాన్యువల్ అనుమతించిన 80 డిగ్రీల దాకా తీసుకెళ్లి 5 గంటలు ఉంచాము. వేగంగా పెంచితే అప్పటికున్న టీజీని వేడి దాటిపోయి ప్యాచ్ మెత్తబడి వంగుతుంది. నెమ్మదిగా పెంచితే టీజీ వేడికి ముందే నడుస్తుంది. అంచు ఆకారం కదలకుండా, మరో విమానపు బాగున్న కౌలింగ్ మీద తీసిన అచ్చులో బిగించి ఈ వేడి ఇచ్చాము. ఓవెన్‌లోనే, అదే కప్పులోని రెజిన్‌తో వేసిన సాక్షి ముక్కను కూడా పెట్టాము. మొదటి మరమ్మతులో సాక్షి ముక్క లేదు, కలిపిన బరువులు రాసిన కాగితమూ లేదు. అవి ఉంటే ఆరు వారాలు ముందే తెలిసేది. ఈసారి సాక్షి ముక్క టీజీ 84 డిగ్రీలు వచ్చింది, గ్లాస్ 58 శాతం. ఆ కాగితం మరమ్మతు సంస్థ ఇంజనీరు చేతికి వెళ్లిన తరువాతే కౌలింగ్ రంగుకు వెళ్లింది. లోపలి వైపు వేడిని తిప్పికొట్టే అల్యూమినియం రేకు పొరను కొత్తగా అతికించారు. నీలం చారను ఆ చోట తెలుపుగా మార్చడానికి విమానం యజమానులు ఒప్పుకున్నారు.

ఈ పని వల్ల మా షెడ్డులో కొన్ని ఏర్పాట్లు మారాయి. పాలిస్టర్, ఎపాక్సీ పనులు ఇప్పుడు వేర్వేరు గదుల్లో జరుగుతాయి. విడదీయడానికి మరొక కారణమూ ఉంది. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా అతుక్కోదు, స్టైరీన్ తగిలితే పాలీస్టైరీన్ నురుగు కోర్ కరిగిపోతుంది, కాబట్టి పాలిస్టర్ పుట్టీ డబ్బా విమాన భాగం దగ్గరికి రాకపోవడమే మేలు. ఎంఈకేపీని ఎవరూ హార్డనర్ అనరు, దాని పేరు క్యాటలిస్ట్. ఎపాక్సీ వైపు ద్రవాలను రెజిన్, హార్డనర్ అనకుండా ‘ఎ భాగం, బి భాగం’ అంటున్నాము. మొదట కొన్ని రోజులు నోరు తిరగలేదు. ఈ పేర్లను సూచించింది మేస్త్రే.

ఆయనే ఇప్పుడు కలయికల పుస్తకం రాస్తాడు. తేదీ, సమయం, గది వేడి, తేమ, ఎ భాగం బరువు, బి భాగం బరువు, క్లాత్ బరువు, సాక్షి ముక్క సంఖ్య అన్నీ ఆయన చేతి రాతలో ఉంటాయి. తరువాతి సంవత్సరం మే నెలలో నేను నల్లగొండ వైపు వెళ్లి, మధ్యాహ్నం రెండు గంటలకు, విమానం దిగి ఇంజిన్ ఆపిన పావుగంటకు ఆ కౌలింగ్ అంచును కొలిచాను. లోపలి ముఖం మీద ఉష్ణోగ్రత 66 డిగ్రీలు. మొదటి ప్యాచ్ టీజీ 47 అన్నది ఆ ఎండలో నిలబడి తలచుకుంటే ఒళ్లు జలదరించింది. అంచుల మధ్య సందు రంగుకు పంపిన రోజున ఉన్నంతే ఉంది, నేత తేలలేదు, పొక్కు లేదు. ఆ కొలతను కూడా మేస్త్రి పుస్తకంలో అదే మరమ్మతు పేజీ కింద రాసి పెట్టాడు. వచ్చే మే నెల కొలతకు ఒక గడి ఖాళీగా ఉంచాడు.